అమ్మకు మూడు వారాల బస: కర్నూలు, అనంతపురం, కడపలలో మేము చూసిన చోట్లు

కర్నూలులో ఉంటున్న మా వదినకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఇక వాయిదా వేయవద్దని డాక్టరు చెప్పినప్పుడు, ఆపరేషన్ తరువాత ఎన్నాళ్లు వంగకుండా, బరువెత్తకుండా ఉండాలి అని ఆమె మొదట అడిగింది. మా అమ్మకు ఎనభై దాటాయి. పక్షవాతం వచ్చిన నాటి నుంచి ఎడమ పక్క స్వాధీనంలో లేదు, రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ వేయాలి, పొద్దుగూకితే చాలు, ఈ ఇల్లు తనది కాదని, పుట్టింటికి పంపమని పట్టుబడుతుంది. అన్నయ్య పోయిన తరువాత ఆమెను మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదిలోకి ఎత్తి దించుతున్నది వదిన ఒక్కతే. గుంతకల్లులో నా ఇల్లు లిఫ్టు లేని రెండో అంతస్తు. ప్రొద్దుటూరులో ఉన్న చెల్లెలు మోకాళ్ల ఆపరేషన్ చేయించుకొని తానే వాకర్ పట్టుకొని నడుస్తున్నది. అందువల్ల అమ్మను ఒక మూడు వారాలు ఉంచుకొని, తరువాత క్షేమంగా తిరిగి అప్పగించే చోటు కోసం నేనూ, మా మేనల్లుడూ ఈ మూడు ఊళ్లూ తిరిగాము. ప్రైవేటు కేంద్రాల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి చోట్ల ఆయమ్మలు తరచుగా మారిపోతుంటారు కాబట్టి, ఈరోజు బాగున్న చోటు ఏడాది తిరిగేసరికి అలాగే ఉంటుందన్న హామీ లేదు.

ప్రభుత్వపరంగా ఏమున్నదో ముందుగా విచారించాము. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం ఉండాలని చెప్పింది గానీ అది నిరుపేద వృద్ధులను ఉద్దేశించినది. కేంద్ర ప్రభుత్వం 1992లో మొదలుపెట్టిన వయోవృద్ధుల సమగ్ర కార్యక్రమంలో, తరువాతి సవరణల నాటికి, చూసుకునేవారికి ఊరట ఇచ్చేందుకు రోగిష్టి వృద్ధులను కొంతకాలం ఉంచుకునే కేంద్రాలకు కూడా నిధులివ్వవచ్చునని రాసుకున్నారు. కాగితం మీద ఉన్న ఆ సదుపాయం మేము వెదికిన చోట్ల మాకు కనబడలేదు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేస్తే, అటువైపు వారు ఓపికగా విని వృద్ధాశ్రమాల వివరాలు ఇచ్చారు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఆ నంబరు పనిచేస్తుంది. డెబ్బై ఏళ్లు దాటినవారికి ఇప్పుడు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉన్న ఐదు లక్షల రూపాయల ఆయుష్మాన్ భారత్ రక్షణ ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకే గానీ, జబ్బేమీ ముదరని మనిషిని ఊరికే కనిపెట్టుకొని ఉండటానికి వర్తించదు. బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) వారి ఆసుపత్రి ఉన్నది కదా, అక్కడ చేర్చండని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అది మంచి ఆసుపత్రే. అయితే ఆసుపత్రి మంచం అవసరమైన రోగికి దక్కవలసినది, చూసుకునే మనిషికి విశ్రాంతి కావాలని దానిని ఆక్రమించడం న్యాయం కాదు. చిరునామాల కోసం ఇంటర్నెట్‌లో వెదికేవారు మరొకటి గమనించాలి: చాలా జాబితాలు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోక ముందువి కావడంతో నంద్యాల ఇంకా కర్నూలు కిందా, పుట్టపర్తి ఇంకా అనంతపురం కిందా కనిపిస్తాయి.

కర్నూలులో, ఊరు దాటి నంద్యాల దారిలో కొంత దూరం వెళ్లాక, వేపచెట్ల మధ్య విశాలమైన ఒక ఆశ్రమం చూశాము. భజన మందిరం, శుభ్రమైన వంటశాల, ఉదయం ఉగ్గాని, మధ్యాహ్నం పప్పూ మజ్జిగా, చెట్ల కింద సిమెంటు బెంచీల మీద పేపరు చదువుకుంటున్న పెద్దలు. చూడగానే నాకే అక్కడ ఉండిపోవాలనిపించింది. కానీ మేనేజరు మొదటి మాటలోనే తేల్చి చెప్పారు: "సొంతంగా బాత్‌రూమ్‌కు పోయేవాళ్లనే తీసుకుంటాం సార్. ఆరు నెలలకు తక్కువైతే కుదరదు." నడవగలిగి, ఒంటరితనం మాత్రమే బాధగా ఉన్నవారికి ఆ చోటు బాగుంటుంది. మా అవసరానికి సంబంధించినంత వరకు అక్కడ మాట్లాడటానికి ఇంకేమీ లేదు.

ఇంటికే మనిషిని పెట్టుకోవడం మేలన్నది వదిన అభిప్రాయం. కర్నూలులోని ఒక ఏజెన్సీ ద్వారా పన్నెండు గంటల డ్యూటీకి ఒక ఆయమ్మను మాట్లాడి, ఆపరేషన్‌కు ముందే కొన్నాళ్లు ప్రయత్నించి చూశాము. మొదట వచ్చిన అమ్మాయి చురుకైనది, చేతులు కడుక్కోకుండా అమ్మను ముట్టుకునేది కాదు. పండుగకు ఊరికి వెళ్లి ఆమె తిరిగి రాలేదు. బదులుగా వచ్చిన ఆమె నడుము నొప్పి అని అమ్మను ఎత్తేది కాదు. ఏజెన్సీకి ఫోను చేస్తే రేపు, ఎల్లుండి అనేవారు. అయితే అసలు చిక్కు ఆ అమ్మాయి ఉన్న రోజుల్లోనే తెలిసివచ్చింది. రాత్రి అమ్మ "పాపా" అని పిలిస్తే, ఆయమ్మ లేచేలోపే పక్క గదిలోంచి వదిన లేచి వచ్చేది. ఏళ్ల తరబడి అలవాటైన పిలుపు అది. ఆ పిలుపు చెవిన పడినంత కాలం ఆమె వంగకుండా, ఎత్తకుండా ఉండటం జరిగే పని కాదని కంటి డాక్టరుకు కూడా అర్థమైంది. జీతానికి మనిషిని ఇంట్లో పెట్టుకుంటే పని తగ్గుతుంది, నిజమే. కానీ చూసుకునే మనిషికి పూర్తి విశ్రాంతి కావలసినప్పుడు ఇద్దరిలో ఒకరు వేరే కప్పు కింద ఉండవలసిందే.

అనంతపురంలో మేము చూసినది ఆసుపత్రులు ఎక్కువగా ఉన్న పేటలో, ఒక భవనం పై రెండు అంతస్తులలో నడుస్తున్న నర్సింగ్ కేంద్రం. లిఫ్టు, ఏసీ గదులు, పైకీ కిందికీ తిప్పగలిగే మంచాలు, గాలి పరుపులు, ఉదయం పూట డాక్టరు రౌండు, అన్నీ ఉన్నాయి. మూడు వారాలకు చేర్చుకుంటారు గానీ నెల మొత్తం డబ్బు ముందుగా కట్టాలి, మధ్యలో తీసుకుపోతే తిరిగి ఇవ్వరు. మేము చూసిన వాటిలో ఖరీదైనది ఇదే. ఆ ఖర్చుకు సిద్ధపడే వెళ్లాము కూడా. మంచం పక్కన రోగి నర్సును పిలిచే గంట తీగను ఎవరో మడిచి, కిటికీ ఊచకు ముడివేసి ఉంచారు. పడుకున్న మనిషి చేయి అక్కడికి అందదు. మేనల్లుడు ఫార్మసీ చదివినవాడు కావడంతో గోడకు వేలాడుతున్న రిజిస్టరు తిరగేశాడు. కదలలేని రోగిని రెండు గంటలకోసారి పక్క మార్చి పడుకోబెట్టినట్టు అందులో సంతకాలు చేయాలి. మేము వెళ్లినది సాయంత్రం ఐదు గంటల వేళ. ఆ రాత్రి పన్నెండు, రెండు, నాలుగు, తెల్లవారి ఆరు గంటల గడులలో కూడా ఒకే సిరాతో, ఒకే చేతివ్రాతతో సంతకాలు అప్పటికే పడి ఉన్నాయి. రాత్రికి రెండు అంతస్తులకూ కలిపి ఒక్క నర్సు ఉంటుందని అడిగితే చెప్పారు. మడమల దగ్గర, నడుము కింద ఎముక దగ్గర చర్మం ఒత్తుకుపోయి పుండ్లు పడేది రాత్రిళ్లే. ఒకసారి పడితే అవి మానడానికి నెలలు పడుతుంది, షుగరు ఉన్నవారికి ఇంకా ఎక్కువ. ముక్కులో గొట్టం ద్వారా ఆహారం, ఆక్సిజన్ అవసరమైనవారికి డాక్టరు దగ్గరలో ఉండటం ముఖ్యం కాబట్టి, ఇంటి మనిషి ఒకరు రాత్రిళ్లు తోడుండేటట్టయితే ఆ కేంద్రాన్ని తీసిపారేయలేము. కానీ ఇంటి మనిషి కూడా అక్కడే పడుకోవలసి వస్తే ఇక విశ్రాంతి ఎవరికి?

కడపలోనిది పేరుకు బోర్డు కూడా సరిగా లేని చోటు. దేవుని కడప వైపు వెళ్లే దారిలో ఒక అద్దె ఇల్లు, కొద్ది మంచాలు, పదవీ విరమణ చేసిన ఒక స్టాఫ్ నర్సు నడుపుతున్నారు. మంచం ఖాళీగా ఉంటేనే తక్కువ రోజులకు తీసుకుంటారు, రోజు లెక్కన డబ్బు, డైపర్లూ మందులూ మనవే. మేము కూర్చోగానే ఆమె పొడుగు నోటుపుస్తకం తీసి, ధర మాట ఎత్తకుండా మమ్మల్నే ప్రశ్నించడం మొదలుపెట్టారు. "జేజి ఏ పక్కకు తిరిగి పండుకుంటాది? సంగటి మింగుతాదా, గొంతు పట్టుకుంటాదా? సాయంత్రమైతే ఎవరిని పిలుస్తాది?" పక్షవాతం వచ్చినవారిలో మింగుడు దెబ్బతిని నీళ్లు ఊపిరితిత్తుల వైపు పోవడం తరచుగా జరుగుతుంది కాబట్టి, అమ్మను తీసుకువెళ్లిన రోజున ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో నీళ్లు పట్టి, దగ్గు వస్తుందేమో చూసిన తరువాతే అన్నం పెట్టించారు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కారులో వచ్చే దారి రెండు వందల కిలోమీటర్లు. ఎండలో ఇన్సులిన్ పాడవకుండా ఐసు పెట్టెలో, కానీ ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టి తెమ్మని ముందుగానే ఫోనులో చెప్పారు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదన్న సంగతి ఖరీదైన చోట మాకెవరూ చెప్పలేదు.

లోపాలు లేవని కాదు. గేటు దగ్గర రెండు మెట్లున్నాయి, చక్రాల కుర్చీని ఇద్దరు ఎత్తాలి. స్నానాల గది తలుపు ఇరుకు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద ఫ్యాన్లు మాత్రమే తిరుగుతాయి, కడప ఎండలకు అది చాలదు. రాత్రిపూట డాక్టరు ఉండరు; ఏదైనా జరిగితే 108కు ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతామని ముందే కాగితం మీద రాసి సంతకం తీసుకున్నారు. ఆ స్పష్టత నాకు నచ్చింది గానీ, గుండె జబ్బు తీవ్రంగా ఉన్న మనిషినైతే అక్కడ ఉంచమని ఎవరికీ చెప్పను.

నేరుగా మూడు వారాలకు దింపవద్దని ఆవిడే అన్నారు. కొత్త చోట ఇటువంటివారికి అయోమయం ఎక్కువవుతుంది కాబట్టి, ముందు రెండు రాత్రులు ఉంచి చూడమన్నారు. మొదటి సాయంత్రం అమ్మ యథాప్రకారం పుట్టింటికి పోవాలని మొదలుపెట్టింది. మేమైతే "ఇదే నీ ఇల్లమ్మా" అని వాదించేవాళ్లం. అక్కడి ఆయమ్మ "పోదాం పా జేజీ" అని శాలువా కప్పి, కుర్చీని వీధి చివరి వరకు తోసుకుపోయి, తిరిగి తీసుకువచ్చి టీ ఇచ్చింది. అమ్మ టీ తాగి, ఎవరి ఇంటికి వచ్చామని అడిగి, పడుకుంది. వీడ్కోలు నాడు మేము అడగకముందే నర్సు దుప్పటి తీసి కుడి మడమ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి గుర్తు చూపించారు. అది ఎప్పుడు గమనించారో, కాలి కింద దిండు ఎప్పుడు మార్చారో నోటుపుస్తకంలో తేదీ, వేళ వేసి ఉన్నాయి. ఏ మచ్చా లేదని చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి, కానీ ఆ గుర్తు చూపించినందువల్లనే అమ్మను అక్కడ ఉంచాలని నిర్ణయించాము.

మూడు వారాలూ గడిచాయి. చెల్లెలు ప్రొద్దుటూరు నుంచి అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్లింది. అమ్మ కొంత చిక్కింది, మొదటి వారమంతా తిండి సరిగా తినలేదన్నారు. తిరిగి వచ్చాక వదినను గుర్తుపట్టడానికి ఒక పూట పట్టింది. ఎన్టీఆర్ భరోసా పింఛను ఒకటో తేదీన ఇంటి దగ్గర ఇస్తారు గనుక పోతుందేమోనని వదిన బెంగపడింది గానీ, ఊళ్లో లేక వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 చివరి నుంచి ఉన్నది. ఇటువంటి బసకు వెళ్లేవారు వెంట ఉంచుకోవలసిన కాగితాలు పాత డిశ్చార్జి సమరీ, మందుల చీటీ, ఆధార్ నకలు, ఆరోగ్య కార్డు. వీటితోపాటు ఏ మందు ఏ వేళకో పెద్ద అక్షరాలతో రాసిన ఒక తెల్లకాగితం అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది.

వదినకు ఇంకా రెండో కన్ను ఉన్నది. కడపకు ఫోను చేస్తే, పెళ్లిళ్ల ముహూర్తాలున్న నెలల్లో ఇంటిల్లిపాదీ ఊళ్లకు వెళ్లేవారు పెద్దవాళ్లను దింపిపోతారని, మంచాలు నెల ముందే నిండిపోతాయని చెప్పారు. అందువల్ల ఈసారి అక్కడ ఖాళీ ఉన్న తేదీలు ముందుగా రాయించుకొని, వాటిని బట్టి కంటి డాక్టరును ఆపరేషన్ తేదీ అడిగాము.