ఓడెక్కిన రెండు సీసాలు

క్రూజ్‌కి బట్టలు సర్దుకునేటప్పుడు రాని గొడవ సీసాల దగ్గర వచ్చింది. మా ఆయన లెక్కలో ఎనిమిది రాత్రులకి నాలుగు వైన్ సీసాలు కావాలి. ఓడవాళ్ళ నిబంధనేమో పెద్దవాళ్ళకి తలా ఒకటి, 750 మిల్లీలీటర్లది, అదీ ఓడెక్కే రోజు మాత్రమే. "మిగతా రెండూ స్వెటర్లలో చుట్టి పెద్ద సూట్‌కేసులో పడేద్దాం, ఎవరు చూస్తారు?" అన్నారు.

"ఎక్స్‌రే చూస్తుందండీ" అన్నాను.

లిస్బన్‌లో ఎక్కి, మదీరా దీవిలోని ఫుంచాల్, కానరీ దీవుల్లో టెనెరిఫే, లాంజరోటే, తిరుగుదారిలో స్పెయిన్‌లోని కాదిజ్ చూసుకుని మళ్ళీ లిస్బన్‌లో దిగడం మా ప్రయాణం. వైన్ ఇష్టమున్నవాళ్ళని ఇంతగా ఊరించే దారి ఇంకోటి ఉండదేమో. దిగిన ప్రతి రేవులోనూ ఆ ఊరి సీసా ఒకటి పిలుస్తూనే ఉంటుంది. కొనుక్కోవచ్చు, ఓడ దాకా మోసుకురావచ్చు. గేటు దగ్గర మాత్రం తీసేసుకుని, రసీదు చేతిలో పెట్టి, చివరి రాత్రి దాకా దాచేస్తారు.

ఈ విషయంలో అన్ని కంపెనీలూ ఒకటి కాదు. బుక్ చేసే ముందు నేను చదివినప్పుడు వైకింగ్ వాళ్ళు సొంత సీసాలు తెచ్చుకోనిస్తున్నారు, కార్కేజ్ (సొంత సీసా తెరిచినందుకు కట్టే రుసుము) కూడా లేదు. నార్వేజియన్‌లో వైన్ ఎన్ని సీసాలైనా తెచ్చుకోవచ్చు కానీ ప్రతి సీసాకీ డబ్బు కట్టాలి. కార్నివాల్‌లో 21 నిండినవాళ్ళకి తలా ఒకటి, ఎక్కే రోజు మాత్రమే. డిస్నీ ఓడల్లో తలా రెండు, దిగిన ప్రతి రేవులోనూ మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఎమ్మెస్సీ వాళ్ళైతే అసలు తేవొద్దంటారు. ఇవి మారుతూ ఉంటాయి, కాబట్టి పాత ప్రయాణికుల మాటలు నమ్మి సీసాలు కొనకండి. టికెట్ మీద రాసిందే లెక్క. వైన్, షాంపేన్ కాకుండా విస్కీ, రమ్, వోడ్కా లాంటివి మాత్రం పెద్ద క్రూజ్ కంపెనీలు చాలావరకు ఒప్పుకోవు. అట్టపెట్టె వైన్‌కి కూడా చాలాచోట్ల ఇదే గతి.

లిస్బన్‌లో ఒక రాత్రి కొండమీది పాతపేట అల్ఫామాలో ఉన్నాం. ఓడలు ఆగే శాంతా అపొలోనియా టెర్మినల్ ఆ కొండ కిందే ఉంది, నడిచి వెళ్ళిపోవచ్చని చదివి తీసుకున్న గది. నడవొచ్చన్నది నిజమే. కానీ మెట్లు, రాళ్ళు పరిచిన సన్నటి సందులు, చక్రాల సూట్‌కేసు, అందులో గాజు సీసాలు! పొద్దున్నే కిందికి దిగేసరికి నా భుజం పడిపోయింది. గది శుభ్రంగా ఉంది, కిటికీలోంచి తేజో నది కనిపించింది, ఒంటరిగా వీపు సంచితో వచ్చేవాళ్ళకి బ్రహ్మాండం. సామాన్లున్నవాళ్ళు మాత్రం కింద నేల చదునుగా ఉండే బైషా వైపు చూసుకోండి.

సీసాలు కొన్నది కూడా ఆ సాయంత్రమే. మా ఆయన వింటేజ్ పోర్ట్ (పోర్చుగల్ వాళ్ళ తియ్యటి, ఘాటైన వైన్) మీద కన్నేశారు. అందులో అడుగున మడ్డి దిగుతుంది, సీసాని కదలకుండా నిలబెట్టి, మడ్డి తేరుకున్నాక వేరే పాత్రలోకి వంచుకోవాలి. ఊగే ఓడలో అదెలా కుదురుతుంది? పైగా పోర్ట్‌లో దాదాపు 20 శాతం ఆల్కహాల్, గేటు దగ్గర "ఇది వైనా, లిక్కరా" అని వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. చివరికి ఒక విన్యు వెర్ద్ తెల్లవైన్, ఒక కొలారెస్ ఎర్రవైన్ తీసుకున్నాం. కొలారెస్ లిస్బన్ దగ్గర సముద్రపొడ్డు ఇసుకలో పండే ద్రాక్ష. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా పురుగు యూరప్ తోటల్ని తినేసినప్పుడు, అది ఇసుకలో బతకలేక ఈ తీగల్ని వదిలేసింది. కొద్దిగానే పండుతుంది కాబట్టి ఓడ వైన్ లిస్టులో దొరకదని ఖాయం చేసుకున్నాను. నా దృష్టిలో సొంత సీసా మోసుకెళ్ళడానికి సరైన కారణం అదొక్కటే. డబ్బు మిగులుతుందని మోసుకెళ్తే మిగిలేది కాస్తే. 750 మిల్లీలీటర్లంటే ఐదు గ్లాసులు, అంతే.

టెర్మినల్‌లో ఒక చిన్న కిటుకుంది. పెద్ద సూట్‌కేసులు కూలీలు తీసుకెళ్ళి తర్వాత గది ముందు పెడతారు. సీసా మాత్రం చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టెలో పెడితే దాన్ని పక్కకి లాగి కింది డెక్ గదిలో పడేస్తారు, మనమే వెళ్ళి సెక్యూరిటీ ముందు తెరిచి చూపించాలి. పాత ప్రయాణికులు ఆ గదికి 'నాటీ రూమ్' అని పేరు పెట్టుకున్నారు.

మా వంతు వచ్చినప్పుడు సెక్యూరిటీ అమ్మాయి ఒక్కో సీసాని దీపం వైపు ఎత్తి పట్టుకుంది. ముందు మూత చుట్టూ బొటనవేలు తిప్పి సీలు చూసింది. తర్వాత వెనక లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే శాతం చదివింది, సీసా సైజు చూసింది, మమ్మల్ని లెక్కపెట్టింది. రెండు సీసాలు, రెండు తలకాయలు. తల ఊపి బెల్టు మీద పెట్టేసింది. మా ముందాయనది మంచినీళ్ళ సీసా. ఆమె మూత తిప్పి వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా పక్క బుట్టలో పెట్టింది. ఆయనా ఏమీ మాట్లాడలేదు. మా ఆయన నావైపు తిరిగి చూడలేదు, నేను కూడా స్వెటర్ల సంగతి ఎత్తలేదు.

తెల్లవైన్ ఆ సాయంత్రమే తెరిచాం. ఓడ తేజో నదిలో కదిలి, ఏప్రిల్ 25 వంతెన కిందనుంచి, బెలేం బురుజు పక్కనుంచి సముద్రంలోకి వెళ్తుంటే బాల్కనీలో కూర్చున్నాం. గదిలో ఫ్రిజ్ పేరుకే ఫ్రిజ్, గంటన్నర పెట్టినా సీసా గోరువెచ్చగానే ఉంది. ఐసు బకెట్ అడిగితే పది నిమిషాల్లో తెచ్చారు, గ్లాసులు కూడా వాళ్ళే ఇచ్చారు, పైసా తీసుకోలేదు. దీనికి మర మూత కాబట్టి ఓపెనర్ గొడవ లేదు. బాల్కనీలో పొడుగు కాడ గ్లాసులు మాత్రం పెట్టకండి. వంతెన దాటగానే వచ్చిన మొదటి గాలికే ఒకటి ఎగిరిపోయింది.

కొలారెస్‌ని సముద్రం మీద గడిపిన రెండో రాత్రి భోజనానికి తీసుకెళ్ళాం. గదిలో తాగితే ఖర్చు లేదు, డైనింగ్ హాల్లో తెరిస్తే 15 డాలర్ల కార్కేజ్. డ్రింక్స్ ప్యాకేజీ ఉన్నా ఇది వేరే. గదిలోనే గ్లాసులో పోసుకుని పట్టుకొచ్చినవాళ్ళని ఎవరూ ఆపలేదు, నేను గమనించాను. అయినా ఆ 15 డాలర్లు నాకు బాధనిపించలేదు. వెయిటర్ బిరడా విరగకుండా తీశాడు, కాస్త పోసి రుచి చూడమన్నాడు, సగం మిగిలితే సీసా మెడకి మా గది నంబరు చీటీ కట్టి తీసుకెళ్ళాడు. మర్నాడు మేం కూర్చునేసరికి అదే సీసా టేబుల్ మీద ఉంది. ఓడ లిస్టులోది ఒక గ్లాసు తీసుకున్నా పైన 18 శాతం సర్వీస్ ఛార్జి పడుతుంది, రుచి ఎక్కడైనా దొరికేదే.

రేవుల్లో ఫుంచాల్‌కే నా ఓటు. ఓడ దిగితే పావుగంట నడకలో ఊరి నడిమధ్య, అక్కడే పాత వైన్ లాడ్జిలు, అంటే వైన్ నిలవచేసే గోదాములు. మదీరా వైన్ కథే ఓడ కథ. పూర్వం పీపాల్లో నింపి ఓడలకెక్కిస్తే, వేడి సముద్రాలు దాటి అమ్ముడుపోక తిరిగొచ్చిన వైన్ చెడిపోవడానికి బదులు ఇంకా బాగుపడిందట. అలా చుట్టొచ్చిన దాన్ని 'విన్యు ద రోద' అన్నారు. ఇప్పుడు ఓడలెక్కించరు. మామూలు రకాల్ని 45-50 డిగ్రీల్లో మూడు నెలలకి తగ్గకుండా కాస్తారు, మంచివాటిని పైకప్పు కింది అటకల్లో ఎండ వేడికి ఏళ్ళతరబడి వదిలేస్తారు. ఆ అటక మెట్లెక్కుతుంటేనే ముక్కుకి కాలిన చక్కెర, పాత చెక్క కలిసిన వాసన తగిలింది. తీపి బాగా తక్కువుండే సెర్సియాల్ నుంచి బాగా తియ్యటి మాల్వాసియా దాకా నాలుగు రకాలు రుచి చూశాం. తీపి తక్కువదాంతో మొదలుపెట్టండి, తిరగేస్తే చివరిది పుల్లటి నీళ్ళలా అనిపిస్తుంది. ఆ నాలుగింటిలో ఒకటైన బువాల్ సీసా ఒకటి కొన్నాం, గేటు దగ్గర ఇచ్చేసి రసీదు తీసుకున్నాం.

టెనెరిఫేలో వర్షం, ఓడలోనే పడుకున్నాం. లాంజరోటేలో లా జెరియా తోటలు చూసి తీరాలి. 1730 నుంచి 1736 దాకా పేలిన అగ్నిపర్వతాల నల్లబూడిదలో గుంటలు తవ్వి, గాలి తగలకుండా అర్ధచంద్రాకారంలో రాళ్ళు పేర్చి, గుంటకో తీగ పెంచుతారు. బస్సు టూర్ తీసుకుంటే దిగి నిలబడేది నలభై నిమిషాలే, టాక్సీ మాట్లాడుకోవడం మేలు. కాదిజ్‌లో ఓడ ఊళ్ళోనే ఆగుతుంది, షెర్రీ వైన్ పుట్టిన హెరెజ్ ఊరు రైల్లో ముప్పావుగంట. ఫినో షెర్రీ తెరిచాక కొద్దిరోజుల్లో అయిపోవాలి, కాబట్టి అక్కడే తాగేసి వచ్చాం. ఆ పూట మా ఆయన చాలా మంచి మాటలు మాట్లాడారు.

ఇక చివరి రాత్రి. పెట్టెలన్నీ పదింటికల్లా గది బయట పెట్టాలి. దాచిన సీసాలు తొమ్మిదింటికి గదికి వస్తాయన్నారు. తొమ్మిదీ ముప్పావుకి తలుపు తట్టి సంచి ఇచ్చి వెళ్ళారు. తెరిస్తే రమ్ము! నంబర్లలో 6, 9 తారుమారయ్యాయి. కౌంటర్ దగ్గర క్యూలో మా బువాల్ పట్టుకుని ఒక పెద్దాయన, అంతే అయోమయంగా. ఇద్దరం నవ్వుకుని మార్చుకున్నాం. సిబ్బంది నోటినుంచి ఒక్క సారీ రాలేదు. మళ్ళీ ఓడెక్కితే నేనూ ఆ రసీదుని సీసాతో సహా ఫొటో తీసుకుంటాను.

గదికొచ్చేసరికి పెద్ద పెట్టెలు వెళ్ళిపోయాయి. మర్నాడే విమానం, చేతిసామాన్లలో 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు చాలా విమానాశ్రయాల్లో ఒప్పుకోరు. 24 శాతం లోపు మద్యం చెక్-ఇన్ పెట్టెలో పెడితే విమానంవాళ్ళకి అభ్యంతరం లేదు (దిగే దేశం కస్టమ్స్ లెక్క వేరే ఉంటుంది), కానీ ఆ పెట్టె మా దగ్గరుండాలి కదా. పొద్దున టెర్మినల్ హాల్లో వందల పెట్టెల మధ్య మాది వెతికి, నేలమీదే తెరిచి, సీసాకి చుట్టడానికి ఏముందా అని చూశాను.

పైనే ఉన్నాయి, రెండు స్వెటర్లు.