కుంచమా, కాటానా?

కోనసీమలో పాతకాలం ఇళ్ల అటక మీద ఇప్పటికీ ధాన్యం కొలిచే ఓ కుంచం కనిపిస్తుంది. లెక్క ఇది: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టి తప్ప అంతా సగాలు, పావులే కాబట్టి చదువు రానివాళ్లూ నోటితో లెక్క కట్టేవారు. కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. కాటా దగ్గర ఆ మాట వినపడదు!

కుంచంతో తంటా కొలిచే చేతిలో ఉంది. గుట్టగా పోస్తే ఒక లెక్క, అంచుకి చదును చేస్తే ఇంకో లెక్క. పైగా కుంచం ఊరూరికీ మారేది.

1956 చట్టంతో కిలోలు వచ్చాయి. కాటాకి గుట్ట, చదును తేడా లేదు, కానీ తడి ధాన్యం దానికి బరువే. అందుకే కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదంటారు. వానొస్తే రైతుకి టెన్షన్.

అమ్మకానికైతే నా ఓటు కాటాకే. వంటింట్లో మాత్రం బియ్యం సోలతోనే కొలుస్తాం. ధర క్వింటాలుకి చెప్పినా, మావాళ్లు పంట చెప్పేది 75 కిలోల బస్తాల్లోనే, పొలం చెప్పేది ఎకరాల్లోనే.