అమ్మాయిలకు అదనపు సీట్లా, ఉన్న సీట్లలో వాటానా: ఏది మేలు?

కౌన్సెలింగ్ మొదలైతే చాలు, తల్లిదండ్రులంతా అడిగే ప్రశ్న ఇది. ఐఐటీల్లో లాగా అమ్మాయిలకు సూపర్‌న్యూమరరీ (ఉన్నవాటికి అదనపు) సీట్లు కలపడం మేలా, ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) లాగా ఉన్న సీట్లలోనే మూడో వంతు ఇవ్వడం మేలా?

అదనపు సీట్లతో పెద్ద సుఖం ఏమిటంటే, తగాదా ఉండదు. ఐఐటీలు అమ్మాయిల వాటాను 2018లో 14, 2019లో 17, 2020లో 20 శాతం లక్ష్యంగా, అబ్బాయిల సీట్లు తగ్గకుండానే పెంచుకుంటూ వెళ్లాయి. పదిమందిలో ఒక్క అమ్మాయి కూడా లేని తరగతుల్లో ఇప్పుడు ఐదుగురిలో ఒకరు ఉంటున్నారు. కాకపోతే సీటుతోపాటు హాస్టల్ గది, ల్యాబ్ బల్ల కూడా పెరగాలి.

నా మొగ్గు మాత్రం మూడో వంతు వైపే. కారణం శాతం కాదు, సీట్లు నింపే వరస.

ఒక బ్రాంచిలో ఓసీ సీట్లు 30 అనుకోండి. అమ్మాయిల వాటా 10. ముందు ర్యాంకు ప్రకారం 30 మందిని రాసుకుంటారు. అందులో అమ్మాయిలు ఏడుగురే ఉంటే, జాబితా అడుగునున్న ముగ్గురు అబ్బాయిల స్థానంలో తర్వాతి ర్యాంకుల ముగ్గురు అమ్మాయిలు వస్తారు. పన్నెండు మంది ఉంటే ఇక కోటాతో పనే లేదు. మెరిట్‌లో వచ్చిన మహిళలను కూడా వాటాలో లెక్కించాలని 2007లో రాజేశ్ కుమార్ దరియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసాలో వరస తిరగేసి ఉంటుంది. అమ్మాయిని ముందు ఫీమేల్ ఓన్లీ (అమ్మాయిలకు మాత్రమే) సీట్లకు చూస్తారు, అక్కడ రాకపోతేనే జెండర్ న్యూట్రల్‌కు (అందరికీ ఉన్నవాటికి). పై లెక్కనే ఈ వరసలో వేస్తే చేరే అమ్మాయిలు మళ్లీ పదిమందే, కానీ పదిమందీ కోటా గడిలోనే కనిపిస్తారు. నిజానికి కోటా అవసరమైంది ముగ్గురికి. ఎలాగూ సీటు వచ్చే మంచి ర్యాంకు పిల్లకూ అదే ముద్ర. ఫీమేల్ ఓన్లీ క్లోజింగ్ ర్యాంకు (చివరి సీటు వచ్చిన ర్యాంకు) చూపించి "మీకు ఈజీగా వచ్చింది" అనే మాట, ల్యాబ్ గ్రూపులో ప్రయోగం అబ్బాయిలు చేస్తే రికార్డు రాసే పని ఆమెకు అంటగట్టడం, అన్నీ అక్కణ్నుంచే మొదలు.

మూడో వంతు పద్ధతికీ లోపముంది: అర్హులైన అమ్మాయిలు లేకపోతే ఆ సీట్లు అదే కేటగిరీ అబ్బాయిలకు పోతాయి. మెకానికల్ లాంటి బ్రాంచిల్లో ఇది చిన్న విషయమేం కాదు.

ఇక మహిళా కాలేజీలు. తిరుపతిలో 1983లో పెట్టిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం లాంటివి ఇంట్లోవాళ్ల హాస్టల్ భయం తీరుస్తాయి. పక్క కాలేజీలో నిష్పత్తిని అవి మార్చవు.

జోసా ఆప్షన్లు పెట్టేటప్పుడు ఫీమేల్ ఓన్లీనా, జెండర్ న్యూట్రలా అని పూల్ (సీట్ల విభాగం) ఎంచుకోనక్కర్లేదు. కోర్సు ఒక్కసారి పెడితే రెండు పూల్‌లకూ జోసానే చూసుకుంటుంది. అమ్మాయిలు పాత ర్యాంకులు చూసేటప్పుడు మాత్రం ముందు ఫీమేల్ ఓన్లీ క్లోజింగ్ ర్యాంకు చూడాలి. జెండర్ న్యూట్రల్ ర్యాంకు ఒక్కటే చూసి, రాదులే అనుకుని మంచి బ్రాంచి వదిలేసుకునే ప్రమాదముంది.