మెడికేర్ ముందు హైకాప్ గడప తొక్కడం మంచిదైంది

ఏప్రిల్‌లో నాకు 65 ఏళ్లు నిండుతాయన్న సంగతి మా చుట్టాల్లో సగం మందికి తెలియదు గాని, కాలిఫోర్నియాలో బీమా అమ్మేవారందరికీ తెలిసినట్టుంది. 65 నిండినవారికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరే వయసు కదా, ఆరు నెలలుగా మా తపాలా పెట్టెలో వాళ్ల ప్రకటనలే. ఆ కాగితాలన్నీ ఒక చీరల దుకాణం సంచిలో వేసుకుని, జనవరి చివర నేనూ మా ఆవిడా హైకాప్ సలహాదారు దగ్గరకు వెళ్లాం. ఫెడరల్ ప్రభుత్వ నిధులతో రాష్ట్రాల్లో నడిచే షిప్ అనే ఉచిత మెడికేర్ సలహా సేవకు కాలిఫోర్నియాలో ఉన్న పేరే హైకాప్. వీరు పాలసీలు అమ్మరు, కమిషన్ తీసుకోరు.

మాతో కూర్చున్నది ఉద్యోగ విరమణ చేసిన ఒక స్వచ్ఛంద సేవకురాలు. మా సంచి వైపు చూడకుండానే, ఇప్పుడున్న బీమా ఎక్కడిదని అడిగారు. కిందటేడు ఉద్యోగం పోయినప్పటి నుంచి, పాత కంపెనీ బీమానే సొంత ఖర్చుతో కొనసాగించుకునే కోబ్రా మీద నడుస్తోందని, 18 నెలల వరకు అది ఉంటుంది కనుక మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బి సంగతి తర్వాత చూసుకోవచ్చని ఒక ఏజెంటు చెప్పాడని అన్నాను. పార్ట్ బి వాయిదా వేసుకోవడానికి కోబ్రా లెక్కలోకి రాదని ఆమె చెప్పేసరికి నాకు చెమట పట్టింది. ఒక కవరు వెనుక ఏడు గడులు గీసి, జనవరి నుంచి జూలై వరకు నెలల పేర్లు రాసి, ఏప్రిల్ చుట్టూ సున్నా చుట్టారు. పార్ట్ బిలో చేరడానికి ఉన్న ఆ ఏడు నెలలు దాటితే మళ్లీ వచ్చే జనవరి దాకా ఆగవలసిందే. ఆలస్యమైన ప్రతి పూర్తి 12 నెలలకూ ప్రీమియం 10 శాతం చొప్పున పెరుగుతుంది, ఆ పెంపు సాధారణంగా జీవితాంతం వదలదు. 2026లో ఆ ప్రీమియం మామూలుగా నెలకు 202 డాలర్ల 90 సెంట్లు.

మెడికేర్ పూర్తిగా భరించని ఖర్చుల కోసం అదనపు బీమా మాట వచ్చినప్పుడు ఆమె అడిగిన ప్రశ్న నేను ఊహించనిది: ఇండియాలో ఏడాదికి ఎన్ని నెలలుంటారు? నాలుగన్నాను, అయిదని మా ఆవిడ సరిదిద్దింది. మెడికేర్ మామూలుగా దేశం దాటి రాదు. ఆ అదనపు బీమాగా ప్రైవేటు కంపెనీలు అమ్మే మెడిగ్యాప్‌లోని ప్లాన్ జి విదేశంలో అత్యవసర వైద్యానికి, అదీ ప్రయాణం మొదలైన 60 రోజుల లోపు వచ్చిన అవసరానికే, మొదటి 250 డాలర్లు మనం భరించాక 80 శాతం ఇస్తుంది. జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. అంటే హైదరాబాద్‌లో మిగిలిన మూడు నెలలకు వేరే పాలసీ ఎలాగూ తప్పదు. ఇక మెడికేర్ ప్రయోజనాలను ప్రైవేటు కంపెనీల ద్వారా ఇచ్చే అడ్వాంటేజ్ ప్లాన్లలో ప్రీమియం తక్కువ, కొన్నిటికి అసలు లేదు గాని, సాధారణంగా వాళ్ల జాబితాలోని డాక్టర్ల నెట్‌వర్క్ దాటకూడదు, చాలా చికిత్సలకు ముందస్తు అనుమతి కావాలి, వాళ్ల ప్రాంతం వదిలి వరుసగా ఆరు నెలలకు మించి ఉంటే సాధారణంగా పేరు తీసేస్తారు.

నా మనసు తేల్చింది మాత్రం ఇంకొక నిబంధన. 65 నిండి పార్ట్ బి మొదలైన ఆరు నెలల వరకు, పదేళ్ల షుగర్, గుండెలో స్టెంటు ఉన్న నాలాంటివాడిని కూడా మెడిగ్యాప్ కంపెనీ కాదనకూడదు. ఆ గడువు తీరాక వెళితే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆరోగ్య చరిత్ర అడిగి తిరస్కరించవచ్చు. అందుకే ప్లాన్ జి వైపు మొగ్గాం. ప్లాన్ ఎన్ కొంత చవకే గాని, డాక్టరును చూసిన ప్రతిసారీ 20 డాలర్ల వరకు ఇచ్చుకోవాలి. నా రాకపోకలు నాకు తెలుసు.

లోటుపాట్లూ ఉన్నాయి. అపాయింట్‌మెంటుకు మూడు వారాలు ఆగాం. ఒకే అక్షరం ప్లాన్‌లో ఏ కంపెనీదైనా మూల ప్రయోజనాలు ఒకటేనని, తేడా ప్రధానంగా ధరలోనని ధరల పట్టిక ముందు పెట్టారు; మీరైతే ఏది తీసుకుంటారని మా ఆవిడ రెండుసార్లు అడిగినా ఆమె నవ్వి ఊరుకున్నారు. ఫలానాది తీసుకోమని చెప్పకూడదన్న ఆ నియమం మంచిదే, ఆ నిమిషానికి మాత్రం విసుగు తెప్పించింది. మందుల జాబితా తీసుకెళ్లకపోవడం మా పొరపాటు. మందుల ఖర్చు చూసే పార్ట్ డి కోసం మళ్లీ ఫోనులో కూర్చోవలసి వచ్చింది. వెళ్లేవారు మాత్రల పేర్లు, మోతాదులతో సహా రాసుకుని వెళ్లండి. ప్రకటనల సంచి ఇంట్లోనే వదిలేయవచ్చు.