‘ఒరిజినల్’ మిస్టరీ సినిమాల డీవీడీ సెట్ అంటే డబ్బులిచ్చేయకండి: తిరుపతిలో నాకు జరిగింది

సినిమావాళ్ల మధ్య, నాటకాలవాళ్ల మధ్య జరిగే హత్యల కథలంటే చెవి కోసుకునేవాణ్ణి తిరుపతిలో నేనొక్కణ్ణే కాదని తెలుసు. అందుకే ఇది రాస్తున్నా. ‘సినీ ప్రపంచంలో మర్డర్ మిస్టరీలు, 12 డీవీడీలు, అన్నీ ఒరిజినల్’ అంటూ మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరుగుతోంది. దానికి 2,400 రూపాయలు పోసి కొన్నా. మీరు ఆ పని చేయకండి.

బస్టాండ్ దగ్గర చిన్న షాపు. పేరు రాయను. ముందు యూపీఐలో డబ్బు వేయించుకుని, ఆ తర్వాతే ప్యాకెట్ బయటికి తీశాడు. నా మొదటి తప్పు అదే. కానీ లిస్టు చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. స్విమ్మింగ్ పూల్‌లో తేలుతున్న శవమే కథ చెప్పే ‘సన్‌సెట్ బులెవార్డ్’ (1950), స్టూడియో పెద్దమనిషి చేతికి నెత్తురంటుకునే ‘ద ప్లేయర్’ (1992), పహల్‌గామ్‌లో షూటింగ్ యూనిట్ మధ్యలో ఒక నటి శవమై కనిపించే ‘ఖామోష్’ (1985), మాయమైన సినిమా నటి కోసం బెంగాలీ డిటెక్టివ్ బ్యోమ్‌కేశ్ వెతికే సత్యజిత్ రే ‘చిడియాఖానా’ (1967). అన్నిటికంటే నాకు కావలసింది హిచ్‌కాక్ ‘స్టేజ్ ఫ్రైట్’ (1950). లండన్ రంగస్థలం, పేరుమోసిన నటే హత్య చేసిందన్న అనుమానం, నటన నేర్చుకుంటున్న ఒక అమ్మాయి పనిమనిషి వేషం వేసి ఆ నటి ఇంట్లో చేరి కూపీ లాగడం.

ఆదివారం రాత్రి అన్నాలు తిని మా చిన్నాన్నతో కూర్చున్నా. టైటిల్స్ అయ్యాయో లేదో ఆ అమ్మాయీ, ఆమె స్నేహితుడైన ఓ కుర్రాడూ ఆమె నాన్న ఇంట్లో ఉన్నారు. ‘నువ్వు చెప్పిందాన్ని బట్టి చూస్తే’ అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. చిన్నాన్న పావుగంట ఓపిక పట్టి, ‘ఏందిరా, ఆ పిల్లోడు ఏందో చెప్పినాడంట గదా, మనకు చూపించలేదే?’ అన్నాడు. నిజమే. మొదట్లో కారులో వెళ్తూ ఆ కుర్రాడు హత్య గురించి చెప్పే ముక్క మొత్తం ఎగిరిపోయింది. అది లేకపోతే ఈ సినిమా లేనట్టే. ఎందుకో చెప్తే చూడనివాళ్లు నన్ను తిడతారు, కాబట్టి చెప్పను. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవల తెచ్చుకుంటే చివరి పేజీలు చినిగిపోయి ఉండేవి. ఇక్కడ మొదటి పేజీలే లేవు!

మర్నాడు షాపుకి వెళ్తే, ‘బాగుండాదే సామీ, డిస్కు ఒరిజినలే, పాల్ సిస్టమ్‌లో సినిమా కొంచెం స్పీడుగా పోతుంది, అందుకే టైమ్ తగ్గింది’ అన్నాడు. మాట వినడానికి ఎంత శాస్త్రీయంగా ఉందో! అందులో సగం నిజం కూడా. పాల్ అంటే టీవీలకు, డీవీడీలకు వాడే ఒక వీడియో పద్ధతి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ డీవీడీ 25. అంటే నూటికి నాలుగు నిమిషాలు తగ్గుతుంది. ‘స్టేజ్ ఫ్రైట్’ అసలు నిడివి 110 నిమిషాలు. పాల్‌లో ఆడినా 105 దాటాలి. నా డిస్కు 91 దగ్గర ఆగింది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి చూపించా. పక్కనున్న చార్జర్లు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మిగతావీ అంతే. ‘ద ప్లేయర్’ మొదట్లో ఎక్కడా కట్ లేకుండా ఎనిమిది నిమిషాలదాకా సాగే షాట్ ఉంది, దానికోసమే ఆ సినిమా చూసేవాళ్లున్నారు. ఆ షాట్ మీద షాపు ఫోన్ నంబర్ పసుపు అక్షరాల్లో కుడి నుంచి ఎడమకి పాకుతూనే ఉంది. ‘సన్‌సెట్ బులెవార్డ్’ దాదాపు చదరపు ఫ్రేములో తీసిన సినిమా. దాన్ని ఇప్పటి టీవీకి సరిపెట్టాలని పైనా కిందా కోసేశారు, సగం సీన్లలో మనుషులకు నుదురు లేదు. పన్నెండింటిలో రెండు మాత్రం నిజంగానే అసలు డిస్కులు. కానీ అవి అమెరికావి. ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడేలా నంబర్లు పెడతారు, వాళ్లది రీజియన్ 1. మనది రీజియన్ 5. ప్లేయర్ తీసుకోలేదు. ల్యాప్‌టాప్‌లో పెడితే రీజియన్ మార్చమంటావా అని అడిగింది. తొందరపడి సరే నొక్కకండి, ఆ మార్పుకి ఐదే అవకాశాలు, తర్వాత డ్రైవ్ అక్కడే బిగుసుకుపోతుంది.

కొనేముందు డిస్కు తిరగేసి చూడండి. కంపెనీలో అచ్చయిన డిస్కు అడుగు వెండిలా ఉంటుంది, షాపులో రాసినవాటికి ఎక్కువగా ఊదా రంగు ఛాయ కనిపిస్తుంది. నా పదీ ఊదావే. కవర్ మీద సెన్సార్ సర్టిఫికెట్, డిస్కు తయారుచేసినవాళ్ల పేరు, అడ్రస్, హక్కుదారు పేరు ఉండాలి. కాపీరైట్ చట్టం 52ఎ సెక్షన్ అడిగేది అదే. నా పెట్టె మీద హీరోయిన్ బొమ్మ, షాపు నంబర్ తప్ప ఏమీ లేవు. సినిమా నిడివి ఇంటి దగ్గరే రాసుకెళ్లి, షాపులోనే ప్లేయర్‌లో పెట్టించి మొత్తం ఎన్ని నిమిషాలుందో చూడండి. మామూలు సినిమాలో పది నిమిషాలు పోతే ఒక పాట పోతుంది, మిస్టరీలో హంతకుడే పోవచ్చు. వేరేవాళ్లు వెనకాల నిలబడి విసుక్కున్నా పట్టించుకోకండి.

బిల్లు అడిగితే ‘బిల్లు దేనికి సామీ’ అన్నాడు. యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్‌లో వచ్చిన ‘ఒరిజినల్’ ఫొటో, డిస్కుల ఫొటోలు దాచిపెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశా. ఆ మాట చెప్పాక 800 వెనక్కి వేశాడు. మిగతా 1,600 ‘శనివారం’ అన్నాడు. మూడు శనివారాలయ్యాయి. ఇదే మనిషి దగ్గర ఇంకెవరైనా కొనుంటే బిల్లో స్క్రీన్‌షాటో పారేయకుండా నాకు చెప్పండి, కలిసి ఫిర్యాదు పెడదాం.

చిన్నాన్న మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు, కారులో వాడు ఏం చెప్పాడని. మంచి డిస్కు దొరికేదాకా నోరు విప్పనని చెప్పా.