నాయన గాలం వెంట మూడు రోజులు

నాయన సంవత్సరీకం అయిన వారానికి అమ్మ ఒక కోరిక కోరింది. "మీ నాయన గాలం వేసుకుని కూర్చున్న చోట్లు నాకు చూపించండి" అంది. నలభై ఏళ్ల కాపురంలో అమ్మ ఆయనతో చెరువు కట్ట ఎక్కింది ఒక్కసారే. అందుకని అమ్మ, నేను, తమ్ముడు, వాడి పదేళ్ల కొడుకు తిరుపతి రైలెక్కాం. కొండ మీదికి ఈసారి పోకూడదనే అనుకుని వెళ్లాం. స్వామి ఏమీ అనుకోడులే అని అమ్మే సర్దిచెప్పింది.

ముందు బస సంగతి. ఫోన్‌లో ఫొటోలు చూసి స్టేషన్ దగ్గర ఒక లాడ్జి బుక్ చేశాను. నలుగురికని డబ్బు ముందే కట్టించుకుని, తీరా వెళ్లాక ముగ్గురికే పక్కలు చూపించారు. నాలుగో పరుపుకు మళ్లీ చార్జీ అట. వేడినీళ్లు ఐదు నుంచి ఏడు దాకానే. "నాయన నాలుగింటికే లేచేవాడు, ఆయనైతే చన్నీళ్లే" అని తమ్ముడు నవ్వాడు గానీ నాకు ఒళ్లు మండింది. మర్నాడు బస్టాండ్ ఎదురుగా టీటీడీ వాళ్ల శ్రీనివాసంలో గది దొరికింది. సాదా గది, తక్కువ అద్దె, గేటు దాటితే బస్సు. ముసలివాళ్లతో వచ్చేవాళ్లకు నేనైతే ఇదే చెప్తాను.

మొదటి రోజు చంద్రగిరి. కోటలో మ్యూజియంకి శుక్రవారం సెలవు. చూసుకోకుండా శుక్రవారమే వెళ్లాం, తప్పు మాదే. రాజమహల్‌ను బయటినుంచి చూసి, ఏ.రంగంపేట వైపు ఆటో మాట్లాడుకున్నాం. సంక్రాంతి రోజుల్లో అక్కడ పశువుల పండుగ జరుగుతుంది. కోడెగిత్తల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు, కుర్రాళ్లు వెంటపడి వాటిని లాక్కోవాలి. పెళ్లికి ముందు నాయన ఒక పలక లాగాడు. మోకాలి మీద మచ్చ దాని గుర్తే. పెళ్లయ్యాక మళ్లీ గుంపులోకి దిగలేదు. అసలు మా తాతది వేట రక్తం. కుందేళ్లు, కంజు పిట్టలు, ఇంట్లో ఒక నాటు తుపాకీ. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట పోయింది, నాయన చేతికి గాలం మిగిలింది.

రెండో రోజు తలకోన, 270 అడుగుల జలపాతం. నడక బాగుంది, కోతులతో మాత్రం జాగ్రత్త. నాయనకు ఆ చోటు నచ్చేది కాదు. నీళ్ల చప్పుడులో గాలం దారానికి కట్టిన బెండు కదిలినా తెలియదనేవాడు. నేలపట్టు పక్షుల కేంద్రం అలా కాదు, అక్కడికి ఆయన గాలం ఇంట్లో పెట్టి వెళ్లేవాడు. మేమూ మర్నాడు పొద్దున్నే శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా కారు మాట్లాడుకుని పోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. చెరువులో మునిగి ఉన్న చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు వరికి బలం అని అక్కడి రైతులు పిట్టల జోలికి పోరు. "వీటిలాగా చేప పట్టేవాడు మనుషుల్లో లేడే" అనేవాడట నాయన. చలికాలంలో వెళ్తేనే ప్రయోజనం, ఎండల్లో వెళ్తే చెట్లే మిగులుతాయి. కారుకి ఖర్చయింది, అయినా ఈ ట్రిప్పులో దండగ అనిపించనిది ఇదే.

ఆ సాయంత్రానికి రాయలచెరువు మిగిలింది. రామచంద్రాపురం మండలంలో ఉంది, శ్రీకృష్ణదేవరాయల కాలంనాటిదని చెప్తారు. హోటళ్లు లేవు, బోటు షికారు లేదు, కట్ట, నీళ్లు, తుమ్మచెట్లు, అంతే. నాయన లెక్కలో దీనికే మొదటి ర్యాంకు. 2021 నవంబరు వానలకు ఈ కట్టకే ప్రమాదం వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ నాలుగు రోజులు నాయన టీవీ ముందు నుంచి లేవలేదు. కట్ట నిలిచిందని తెలిశాకే సంగటి ముద్ద గొంతు దిగింది.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. చెరువులో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సంఘానిదో, వేలంలో పాడుకున్నవాళ్లదో ఉంటుంది. వాళ్లను అడగందే గాలం వేసేవాడు కాదు. ఎర్రలు తవ్వడం, బెండు కట్టడం, దొరికిన జెల్ల చేపల్ని ఇంటికి తెచ్చి పులుసు పెట్టడం అన్నీ ఆయనే. పిల్లల పరీక్షలున్న నెలలో మాత్రం గాలం అటక మీదే. పులుసులోకి బెంగళూరు మామిడి ముక్కలు వేసి, రాత్రి వండి పొద్దున తినమనేవాడు.

తమ్ముడు స్కాట్లాండ్‌లో చదివి వస్తూ ఆయనకు అక్కడి ఫ్లై రాడ్డు తెచ్చాడు. మన గాలంలో సీసపు గుండు బరువు దారాన్ని లాక్కుపోతుంది. దాంట్లో దారానికే బరువు. కొసన ఈకలు చుట్టిన దొంగ పురుగు ఉంటుంది, దానికి బరువే ఉండదు. వెనక్కి ఒక విసురు, ముందుకి ఒక విసురు, పురుగు నీళ్ల మీద వాలాలి. నాయన మా పెరటి కోడిపుంజు ఈకలతో సొంతంగా పురుగులు కట్టాడు. ఆ పుంజు మెడ సగం బోడి అయింది. నెలరోజుల తంటా తర్వాత పడింది ఒక్క జిలేబీ చేప. దాన్ని కూడా వదిలేసి వచ్చాడు.

ఆ రాడ్డునే వెంట తెచ్చాం. సంఘం ఆయన్ని అడిగి పిల్లాడి చేతికిచ్చాం. వాడు వెనక్కి విసిరాడు, పురుగు పోయి తుమ్మకొమ్మకి తగులుకుంది. తమ్ముడు దారం కోసేద్దామని కత్తి తీశాడు.

"ఆగరా" అంది అమ్మ. "మీ నాయన కూడా ఆరోజు ఇట్లాగే తగిలించాడు. లాగితే ఇంకా బిగుసుకుంటుంది."

చెప్పులు విడిచి కట్ట కిందికి దిగింది. కొమ్మ వంచి, గాలపు ముల్లును వచ్చిన దారినే వెనక్కి తోసింది. ఈకలు నలగకుండా పురుగు అరచేతిలోకి వచ్చింది. దాన్ని కొంగుకు గుచ్చుకుని, "ఆటోవాడు వెళ్లిపోతాడు, పదండి" అంది.