అమ్మకానికి ముందు పాత ట్రాక్టరు మరమ్మతు: కావలి శివార్లలోని ఒక షెడ్డు పనితనం

కావలి కాలువ కింద మాగాణిలో ఏళ్ల తరబడి దమ్ము చేసిన మా 2011 మోడల్ మహీంద్రా 575ను అమ్మదలచి, ముందుగా కావలి శివార్లలోని ఒక మెకానిక్ షెడ్డుకు అప్పగించాము. ఇంజను బోరు చేయించి (అరిగిన సిలిండర్లను సరిచేయించి), కొత్త రంగు వేయించి నిలబెడితే మంచి ధర పలుకుతుందన్నది మా ఇంట్లో వారి ఆలోచన. మేస్త్రీ మాత్రం ఆ మాటకు వెంటనే ఒప్పుకోలేదు.

ఆయన ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి పొగ ఎంత ఎగదన్నుతుందో చూశారు. తరువాత సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాలుగు నాజిళ్ల పైపు నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి, ఏ నట్టు విప్పినప్పుడు ఇంజను శబ్దం మారడం లేదో చెవి పెట్టి విన్నారు. మూడో సిలిండరు దగ్గర శబ్దంలో తేడా రాలేదు, అంటే అది సరిగా పనిచేయడం లేదన్నమాట. ఆ నాజిల్ మార్చి, మిగిలినవి ప్రెషర్ పెట్టించి బిగించగానే నల్లపొగ చాలావరకు తగ్గింది. బోరు పనికి పెట్టే సొమ్ము బేరంలో తిరిగి రాదని ఆయన చెప్పిన మాట వ్యాపారపరంగా ఆయనకే నష్టం, అయినా చెప్పారు.

అసలు ఖర్చంతా బురద తెచ్చిన చేటుకే అయింది. దమ్ము చక్రాలతో ఇరుసు మునిగేంత బురదలో తిరిగే బండికి ముందు హబ్బుల సీళ్లు, వెనుక ఇరుసు సీళ్లు త్వరగా అరిగిపోయి నీరు లోపలికి చేరుతుంది. మా బండి గేరు ఆయిలు మజ్జిగలా తెల్లబడి ఉంది. దానిని పూర్తిగా దించి, డీజిలుతో కడిగి, సీళ్లు, ముందు బేరింగులు మార్చారు. పాత సామాను సంచిలో వేసి మాకే ఇచ్చారు. ఈ పద్ధతి అన్ని షెడ్లలో లేదు.

రంగు పని విషయంలో ఈ షెడ్డును మెచ్చుకోలేను. బయటి మనిషికి అప్పగించిన ఆ పనిలో ఎండిన బురద మీదే రంగు కొట్టారు. గ్రీజు ఎక్కించే నిపుళ్లు పూడిపోయాయి. చాసిస్ నంబరు సైతం రంగు కింద కలిసిపోవడంతో, కాగితంతో సరిపోల్చడానికి వచ్చిన కొనుగోలుదారు ముందు గీకి చూపించవలసి వచ్చింది.

కందుకూరు వైపు నుంచి వచ్చిన ఆ మెట్ట రైతు రంగును పట్టించుకోలేదు. గొర్రును లిఫ్టుతో పైకెత్తి, ఇంజను ఆపి, అది కిందికి జారుతుందేమోనని కాసేపు నిలబడి చూశారు. ఆ తరువాత ఆర్సీ అడిగారు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు, బ్యాంకు అప్పు తీరినట్టు ఫారం 35, బదిలీకి 29, 30 ఫారాలు ముందే చూసుకొమ్మని మేస్త్రీ హెచ్చరించి ఉండడం అప్పుడు కలిసివచ్చింది.

ఇంజను, గేరుబాక్సు, లిఫ్టు పనులకు ఈ షెడ్డు నమ్మదగినది. రంగు మరొకచోట వేయించుకోవాలి. నాట్ల దమ్ములు మొదలైతే అక్కడ బండి నిలిపే చోటు కూడా ఉండదు కనుక, ఎడగారు (రెండో పంట) కోతలు ముగియగానే తీసుకువెళ్లడం మేలు.